రేడియేషన్ అంటే ఏ రేడియేషన్?

తెలుగులో ఈమధ్య నాకు బాగా చిరాకు తెప్పిస్తున్న మాట ఒకటుంది. పుట్టుకతో తెలుగు మాట కాదు గానీ ఇప్పుడు మనదే అయిపోయింది: రేడియేషన్. పత్రికల్లో, టీవీల్లో, వాట్సాప్ సందేశాల్లో, అపార్టుమెంటు సంఘాల మీటింగుల్లో ఈ మాట వినపడిందంటే దానికి ఒకటే అర్థం. కంటికి కనపడకుండా ఒంట్లోకి దూరి మనిషిని తినేసేది. సెల్ టవరు నుంచి వచ్చేది రేడియేషన్. ఎక్స్‌రే గదిలో ఉండేది రేడియేషన్. గ్రహణం రోజున సూర్యుడి నుంచి వచ్చేదీ రేడియేషనే (మిగతా 364 రోజులూ వచ్చేది మాత్రం ఎండ). వైఫై పెట్టె, మైక్రోవేవ్ ఓవెన్, హిరోషిమా, అన్నిటినీ ఒకే గాటన కట్టేశాం.

నా ఫిర్యాదు భాషాశుద్ధి గురించి కాదు. ఇంగ్లీషు మాట వాడొద్దని కూడా కాదు. ఈ మాటని ఇలా విచ్చలవిడిగా వాడటం వల్ల భయపడక్కరలేని చోట భయపడుతున్నాం. సరే, అది పెద్ద నేరం కాదనుకుందాం. భయపడాల్సిన చోట భయపడటం మరిచిపోతున్నాం. అది నేరమే. ఈ రెండూ కాక, మనుషుల్ని వెలివేస్తున్నాం కూడా. ఆ మూడోదానితోనే మొదలుపెడతాను, అది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి.

మా పిన్నికి రొమ్ము కేన్సరు వచ్చింది. ఆపరేషనయింది, ఆ తర్వాత రేడియేషన్ పెట్టారు. మా వైపు ‘కరెంటు పెట్టడం’ అంటారు దాన్ని. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 సార్లు. ఒక్కోసారి బల్ల మీద పడుకోబెట్టి సరిచూసుకోవడానికి పావుగంట పడితే, అసలు పని రెండు మూడు నిమిషాలు. పిన్ని ఓర్చుకుంది. చర్మం కమిలి నల్లబడింది, నీరసం, అన్నం సయించకపోవడం, అన్నీ ఓర్చుకుంది. ఇంటికి వచ్చాక మాత్రం ఓర్చుకోలేని సంగతి ఒకటి ఎదురైంది. ఎనిమిది నెలల మనవణ్ణి కోడలు ఆవిడ చేతికి ఇవ్వలేదు. కంచం, గ్లాసు వేరయ్యాయి. దుప్పట్లు విడిగా ఉతికించారు.

కోడలు చెడ్డపిల్ల కాదు. ఇంజినీరింగు చదివింది, అత్తగారి మందుల పట్టిక గోడ మీద అంటించి వేళ తప్పకుండా వేసింది ఆ పిల్లే. చూడటానికి వెళ్ళినప్పుడు నేను అడిగితే నన్ను పక్కకి పిలిచి మెల్లగా అంది: “రేడియేషన్ ఒంట్లో ఉండిపోతుంది కదా బావగారూ. పసివాడు. ఒక ఆర్నెల్లు ఆగితే మంచిదని...”

నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఫోనులో పిల్లవాడి పాత ఫోటోలు వెతికాను, తనే పంపినవి. వాడు పుట్టిన మూడో రోజున పచ్చగా తిరిగితే కామెర్లని రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు. కళ్ళకి గంతలు, ఒంటి మీద చిన్న డయపరు తప్ప ఇంకేమీ లేదు. ఆ ఫోటో చూపించి అడిగాను: “రెండు రోజులు వీడి మీద లైటు వేశారు కదమ్మా. బయటికి తీశాక వీడి ఒంట్లో లైటేమైనా మిగిలిందా?”

నవ్వింది. “లైటెలా మిగులుతుంది బావగారూ?”

“మీ అత్తగారికి పెట్టిందీ లైటేనమ్మా. కంటికి కనపడని లైటు. మిషను ఆపితే పోయింది, అంతే.”

ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది. నమ్మలేదు. మనవడికి పెట్టింది లైటు, నానమ్మకి పెట్టింది రేడియేషన్. రెండు వేర్వేరు మాటలు ఒకే వస్తువు ఎలా అవుతాయి?

ముప్ఫై ఏళ్ళపాటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. కాబట్టి ఈ పాపంలో నా వాటా కూడా ఉంది. విద్యుదయస్కాంత వర్ణపటం అని ఒక పట్టిక ఉంటుంది పుస్తకంలో. రేడియో తరంగాలు, మైక్రో తరంగాలు, పరారుణ కిరణాలు, దృశ్యకాంతి, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు. ఏడు అడ్డగీతలు, ఏడు గదులు. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు, నేను మార్కులు వేసేవాణ్ణి. ఆ పట్టికని సరిగ్గా చూడండి. మొదటి రెండూ తరంగాలట, మూడోది కిరణాలట, నాలుగోది కాంతి, ఆ తర్వాత మళ్ళీ కిరణాలు. ఒకే తల్లి పిల్లలకి మూడు ఇంటిపేర్లు పెట్టి పిలిచి, వీళ్ళంతా అన్నదమ్ములని పిల్లలు కనుక్కోలేదేమని మనం విసుక్కుంటాం.

పేర్లు ఇలా ఎందుకు వచ్చాయంటే, దొరికిన ప్రతిదీ దొరికినప్పుడు కొత్త జీవిలాగే కనిపించింది. 1800లో విలియం హెర్షెల్ పట్టకం గుండా వచ్చిన రంగుల్లో థర్మామీటర్లు పెట్టి వేడి కొలుస్తూ, ఎరుపు దాటి ఏ వెలుగూ లేని చోట పెట్టినదానిలో పాదరసం ఇంకా పైకి ఎక్కడం చూశాడు. మరుసటి ఏడాది జర్మనీలో రిటర్ రెండో చివర వెతికాడు. ఊదారంగుకి అవతల, చీకట్లో, వెండి లవణం నల్లబడింది. 1860లలో మాక్స్‌వెల్ కాగితం మీద లెక్క వేసి విద్యుత్తూ అయస్కాంతమూ కలిసి కదిలే అల ఒకటి ఉండాలన్నాడు. దాని వేగం లెక్కకడితే కాంతి వేగం వచ్చింది. అంటే కాంతే ఆ అల. 1880ల చివర్లో హెర్ట్‌జ్ ఆ జాతిదే మీటర్ల పొడవున్న అలని గదిలో పుట్టించి చూపించాడు. 1895 నవంబరులో రాంట్‌జెన్‌కి గాజు గొట్టం దగ్గర ఏదో దొరికింది. అదేమిటో తెలియక ‘ఎక్స్’ అన్నాడు, బీజగణితంలో తెలియని రాశికి పెట్టినట్టు. ఏమిటో తెలిసి వందేళ్ళు దాటినా దానికి ఇంకా అదే పేరు. 1900లో విలార్‌కి రేడియం నుంచి మరొకటి దొరికింది, గామా. ఇదంతా ఒకే కుటుంబమని తేలేసరికి పేర్లు స్థిరపడిపోయాయి.

మధ్యలో మనవాడొకడు కూడా ఉన్నాడు. 1895 ప్రాంతంలో కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ మిల్లీమీటర్ల పొడవున్న తరంగాలు పుట్టించి, అవి కాంతిలాగే ప్రతిఫలిస్తాయనీ వంగుతాయనీ చూపించాడు. 5జి పేరు చెప్పి ఇప్పుడు మనల్ని భయపెడుతున్న మిల్లీమీటరు తరంగాలు ఆ జాతివే. బోసు బొమ్మ పాఠశాల గోడ మీద ఉంటుంది, ఎదుటి మేడ మీద టవరు వద్దని ధర్నా ఉంటుంది.

సంగీతం తెలిసినవాళ్ళకి ఈ వర్ణపటాన్ని ఇంకో రకంగా చెప్పొచ్చు. కిందిసా నుంచి పైసాకి వెళ్తే స్వరం పౌనఃపున్యం రెట్టింపవుతుంది, అది ఒక స్థాయి. చిన్నప్పుడు మనం విన్న ఆకాశవాణి విజయవాడ కేంద్రం 837 కిలోహెర్ట్‌జ్. అక్కడ మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోతే, కేన్సరు ఆసుపత్రిలో కోబాల్టు యంత్రం నుంచి వచ్చే గామా దగ్గరికి చేరడానికి సుమారు 48 స్థాయిలు ఎక్కాలి. అన్ని స్థాయిల్లోనూ మన కంటికి తెలిసేది ఒక్క స్థాయి కూడా పూర్తిగా కాదు. ఆ ముక్కకి ‘కాంతి’ అని పేరు పెట్టుకుని, మిగతా 47కీ పరాయి పేర్లు పెట్టాం. చెవికి వినపడని స్వరాన్ని స్వరం కాదంటామా?

పోనీ పరాయివాళ్ళనైనా సరిగ్గా గుర్తుపట్టామా అంటే అదీ లేదు. ఆల్ఫా కిరణాలు, బీటా కిరణాలు అని రాస్తాం. అవి కిరణాలు కావు, కణాలు. ఆల్ఫా అంటే హీలియం కేంద్రకం, బీటా అంటే ఎలక్ట్రాను. కాస్మిక్ కిరణాలూ అంతే, ఎక్కువభాగం ప్రోటాన్లు. మొదట్లో వాటిని గామా లాంటివే అనుకుని ఆ పేరు పెట్టారు, అది అతుక్కుపోయింది. సొంత బిడ్డల పేర్లు రేషన్ కార్డులో లేవు, దారినపోయేవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కాయి. ఈ రాత్రి పన్నెండున్నర నుంచి మూడున్నర దాకా కాస్మిక్ కిరణాలు భూమికి దగ్గరగా వెళ్తాయి, ఫోన్లు ఆపేసి పడుకోండి అని ఏడాదికోసారి వచ్చే సందేశం మీకూ వచ్చే ఉంటుంది. అవి రాత్రనక పగలనక ఎప్పుడూ పడుతూనే ఉంటాయి, ఈ వాక్యం చదువుతుండగా కూడా.

విచిత్రమేమిటంటే మన దగ్గర మంచి మాటలు లేకపోలేదు. రేడియేషన్‌కి పాఠ్యపుస్తకాల మాట వికిరణం. కిరణం, వికిరణం రెండూ చల్లడం, వెదజల్లడం అనే ఒకే ధాతువు నుంచి వచ్చినవి. విత్తనాలు చల్లినట్టు చల్లడం. ఆ మాటలో విషం లేదు. ఇంకా కిందికి, ఇంట్లో మాట్లాడే తెలుగులోకి దిగితే ‘కాయడం’ ఉంది. ఎండ కాస్తుంది. వెన్నెల కాస్తుంది. చలిమంట దగ్గర చేతులు కాచుకుంటాం. వెన్నెల కంటికి తెలిసేది, మంట సెగలో ఎక్కువభాగం కంటికి తెలియని పరారుణం, ఎండలో రెండూ ఉన్నాయి, పైగా అతినీలలోహితం కూడా. హెర్షెల్ థర్మామీటరు పెట్టకముందే మన భాష ఈ మూడింటినీ ఒకే క్రియలో కట్టిపెట్టింది. ‘నీ ఒళ్ళు కాలిపోతోంది’ అని నుదుటికి చెయ్యి ఆనించేముందే అరచేతికి తగిలే వెచ్చదనం కూడా అదే. మనిషి ఒళ్ళు రాత్రింబగళ్ళు పరారుణంలో వెలుగుతూనే ఉంటుంది. విమానాశ్రయాల్లో జ్వరం పట్టే కెమెరాలు చూసేది ఆ వెలుగునే. కోడలు పసివాణ్ణి గుండెకి హత్తుకున్నప్పుడల్లా వాడికి రేడియేషన్ తగులుతూనే ఉంది. దాన్ని మనం ఒడి వెచ్చదనం అంటాం.

అయితే అంతా ఒకటే కదా, భయమెందుకు అంటారేమో. అక్కడే అసలు సంగతి ఉంది.

మామిడిచెట్టు కింద నిలబడి కాయ రాల్చాలి. దోసిళ్ళతో ఇసుక తీసి విసురుతూ కూర్చోండి, సాయంత్రం దాకా విసిరినా కాయ రాలదు. ఒక్క రాయి చాలు. ఎంత బరువు ఇసుక విసిరారన్నది లెక్కలోకి రాదు, ఒక్కో దెబ్బలో ఎంత బలముందన్నదే లెక్క. 1905లో ఐన్‌స్టీన్ కాంతి గురించి చెప్పింది దాదాపు ఇదే. కాంతి అలగా ప్రయాణిస్తుంది గానీ, ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పొట్లాలుగా ఇచ్చిపుచ్చుకుంటుంది. ఒక్కో పొట్లంలో ఎంత శక్తి ఉంటుందన్నది పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. రేడియో, సెల్‌ఫోను ఇసుక. ఎక్స్‌రే, గామా రాళ్ళు. అణువు నుంచి ఎలక్ట్రానుని ఊడగొట్టాలంటే పొట్లంలో సుమారు 10 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. దీన్నే అయనీకరణం అంటాం. సెల్‌ఫోను పొట్లంలో ఉండేది ఒక ఎలక్ట్రాన్ వోల్టులో సుమారు లక్షో వంతు. మనవడి నీలం లైటులో ఉండేది 2.7 వోల్టులు. అంటే పసిపిల్లవాడి ఒంటి మీద రెండు రోజులు వేసిన దీపం, సెల్ టవరు కంటే, ఒక్కో పొట్లం లెక్కన మూడు లక్షల రెట్లు బలమైనది. పిన్నికి పెట్టిన ఎక్స్‌రే ఆ దీపం కంటే మళ్ళీ కొన్ని లక్షల రెట్లు బలమైనది. అందుకే అది కేన్సరు కణం డి.ఎన్.ఎ.ని తెంపగలదు, అందుకే ఆవిడ చర్మం కమిలింది. తమాషా ఎక్కడంటే, భయపెట్టే పేరున్నది ఈ రెండు కొసలకీ. మధ్యలో ఉన్నది లైటు!

ఇసుక అపాయం లేనిదని నేను అనడం లేదు. లారీడు ఇసుక మీద పడితే మనిషి చస్తాడు. మైక్రోవేవ్ ఓవెన్ అన్నం వేడిచేసేది ఇసుకతోనే, ఒక్క ఎలక్ట్రానుని కూడా ఊడగొట్టకుండా. కాబట్టి రెండో ప్రశ్న ఎంత అన్నది. టవర్ల విషయంలో 2012లో మన దేశం అంతర్జాతీయ పరిమితిని పదో వంతుకి తగ్గించుకుంది. 900 మెగాహెర్ట్‌జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు. రోహిణీకార్తె మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకి సుమారు 1000 వాట్లు. ఆ ఎండలో పిల్లల్ని క్రికెట్ ఆడుకోమని వదిలేసి, ఇంటికొచ్చి వైఫై ఆపేసే తల్లిదండ్రులు నాకు తెలుసు.

ఎండ మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. అతినీలలోహితంలో మనదాకా వచ్చే భాగానికి ఎలక్ట్రానుని ఊడగొట్టే బలం లేదు, 4 వోల్టులు మాత్రమే. అయినా డి.ఎన్.ఎ.లో పక్కపక్క మెట్లని ఒకదానికొకటి అతికించేస్తుంది. కణం దాన్ని సరిచేసుకోలేకపోతే చర్మ కేన్సరు. అంటే అపాయానికి గోడ కట్టినట్టు గీత లేదు, అంచు చెదిరిన గీత అది. మన చర్మంలో నలుపు మనల్ని చాలావరకు కాపాడుతోంది, తెల్లబడే క్రీముల వాళ్ళు వింటున్నారో లేదో. అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1992లోనే సూర్యరశ్మిని ఖాయంగా కేన్సరు తెచ్చేవాటి జాబితాలో, అంటే మొదటి వర్గంలో పెట్టింది. సెల్‌ఫోను తరంగాలని 2011లో ‘కావచ్చు’ అనే వర్గంలో పెట్టింది, రుజువు బలహీనం, కొట్టిపారేయలేం అని. అదే వర్గంలో ఆసియా ఊరగాయలు కూడా ఉన్నాయి. (తూర్పు దేశాల్లో ఊరవేసే కూరల గురించి అది. ఆవకాయ జాడీలు పారబొయ్యకండి.) మన పత్రికల్లో రెండోది పతాక శీర్షిక అయింది. మొదటిది ఎప్పుడైనా చదివారా?

ఈ భయాన్ని అమ్ముకునేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. ఫోను వెనక అంటించే చిప్పులు వచ్చాయి. 2020 అక్టోబరులో రాష్ట్రీయ కామధేను ఆయోగ్ అధ్యక్షుడే ఆవుపేడ చిప్పు ఒకటి ప్రకటించాడు. 2018లో ‘2.0’ సినిమా అయితే పిట్టల చావుకి టవర్లదే బాధ్యతని మూడు కొలతల్లో చూపించింది. పిచ్చుకలకి గూడు పెట్టుకోవడానికి మన కొత్త ఇళ్ళలో చూరే లేదు కదా అని హాల్లో ఎవరికీ తట్టి ఉండదు. సినిమా సినిమాయే, దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా దాన్ని చూసొచ్చి విలేఖరులు రాసిన వార్తలతో.

ఇంకో రకం వాళ్ళతో అంతకంటే పెద్ద పేచీ ఉంది. సైన్సు తెలిసినవాళ్ళం అనుకునేవాళ్ళు. ‘రేడియేషన్‌కి భయమెందుకండీ, అరటిపండులో కూడా ఉంది’ అని నవ్వేస్తారు. అరటిపండులో పొటాషియం-40 ఉన్నమాట నిజమే. ఆ నిజంతో యురేనియం గని పక్కన ఉన్నవాడి నోరు మూయించడం మాత్రం అన్యాయం. తుమ్మలపల్లె వ్యర్థాల చెరువు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నది కిరణాల గురించి కాదు, తమ బోరునీళ్ళ గురించి. మీద వెలుగు పడటం ఒకటి, వెలుగు చిమ్మే పదార్థాన్ని మింగడం ఇంకొకటి. దీపం ఎదుట కూర్చున్నవాడికీ కిరోసిన్ తాగినవాడికీ ఉన్నంత తేడా ఉంది. థైరాయిడ్ కోసం రేడియోధార్మిక అయొడిన్ మింగినవాళ్ళని కొన్నాళ్ళు పసిపిల్లలకి దూరంగా ఉండమంటారు, అది న్యాయమే, ఆ పదార్థం వాళ్ళ ఒంట్లో ఉంది కనక. పిన్ని ఒంట్లో ఏ పదార్థమూ లేదు. కోడలు పాటించిన నియమం ఎక్కడో ఒకచోట నిజం. ఆ ఇంట్లో మాత్రం అబద్ధం. ఒకే మాట ఉంటే ఈ తేడా చెప్పడానికి నోరెలా తిరుగుతుంది?

ఇప్పుడు రెండో నేరం దగ్గరికి వస్తాను. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ళ తరబడి వాడకుండా పడి ఉన్న ఒక గామా యంత్రాన్ని తుక్కు కింద వేలం వేశారు. అందులో కోబాల్టు-60 ఉంది. మాయాపురి తుక్కు బజారులో దాన్ని విప్పారు, సీసం తొడుగు కోశారు. కూలివాళ్ళ చేతులు నల్లబడ్డాయి, జుట్టు ఊడింది, వాంతులు. ఒకతను మెరిసే ముక్కని పర్సులో పెట్టుకుని తిరిగాడు. ఏప్రిల్‌లో సంగతి బయటపడేసరికి ఆలస్యమైంది, ఒక మనిషి చనిపోయాడు. దేశమంతా టవర్ల గురించి గోల పెడుతున్న రోజులవి. అసలైన పులి వచ్చింది విశ్వవిద్యాలయం గేటు దాటి లారీలో. చదువుకున్నవాళ్ళు వేలం పాడించారు, చదువుకోనివాళ్ళు చేతులతో విప్పారు. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడొక్కడే అబద్ధమాడాడు. ఇక్కడ రోజూ పత్రికలన్నీ కలిసి అరుస్తున్నాయి.

అలాంటి యంత్రాల మీద పసుపురంగులో మూడు రెక్కల గుర్తు ఒకటి ఉంటుంది. ఫ్యాను రెక్కల్లా కనిపిస్తుంది. అది చూసి మామూలు మనిషికి ఏమీ బోధపడదని ప్రపంచమే ఒప్పుకుంది. 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త గుర్తు తెచ్చింది. ఎర్రటి త్రికోణంలో పైనుంచి పడే కిరణాలు, పుర్రె, పరిగెత్తే మనిషి. చదువు రానివాడికి కూడా ‘పారిపో’ అని చెప్పే బొమ్మ. ఆ బొమ్మని మన పత్రికలు ఒక్కసారి మొదటి పేజీలో అచ్చువేసి ఉంటే, టవర్ల మీద రాసిన వార్తలన్నిటికంటే ఎక్కువ పుణ్యం దక్కేది.

ఆసుపత్రుల్లో ఇలాంటిదే ఇంకో గుడ్డి మాట ఉంది, ‘స్కానింగు’. గర్భిణికి చేసేది స్కానింగు, అది శబ్దం. కాంతి కుటుంబానికి సంబంధమే లేదు. మెదడుకి ఎమ్.ఆర్.ఐ. తీస్తే స్కానింగు, అది అయస్కాంతమూ రేడియో తరంగాలూ, అంటే ఇసుక. పొట్టకి సి.టి. తీస్తే అదీ స్కానింగే, అది ఎక్స్‌రే, రాళ్ళు. ఛాతీ ఎక్స్‌రేకి పడే మోతాదు 0.1 మిల్లీసీవర్టుకి మించదు. పొట్ట సి.టి.కి సుమారు 8 నుంచి 10. వంద ఎక్స్‌రేలతో సమానం. అవసరమైనప్పుడు తీయించుకోవాల్సిందే, ప్రాణాలు నిలబెట్టే పరీక్ష అది. కానీ ‘బిడ్డకి రేడియేషన్ తగులుతుందేమో’ అని గర్భిణీ స్కానింగు వాయిదా వేసుకున్న అమ్మాయిని చూశాను. తలనొప్పికి తనంతట తనే వెళ్ళి ‘ఎందుకైనా మంచిదని’ సి.టి. తీయించుకున్న పెద్దమనిషినీ చూశాను. ఇద్దరూ జాగ్రత్తపరులే. ఇద్దరికీ మాటే దారి తప్పించింది.

పల్లెటూళ్ళో చీకట్లో ఎవరైనా ‘పాము’ అని అరిస్తే పెద్దవాళ్ళు మొదట అడిగేది ‘ఏ పాము?’ అని. నాగుపామైతే ఒక సంగతి, నీరుకట్టె అయితే ఒక సంగతి, జెర్రిపోతైతే పోనియ్యరా అంటారు. ఆ తర్వాత ‘ఎంతుంది? ఎక్కడుంది? కరిచిందా?’ పాముల విషయంలో నిరక్షరాస్యుడికి ఉన్న ఈ ఇంగితం రేడియేషన్ విషయంలో పట్టభద్రులకి ఎందుకు లేదంటే, పాములకి పేర్లు పెట్టింది వాటి మధ్య బతికినవాళ్ళు. రేడియేషన్‌కి పేర్లు పెట్టినవాళ్ళం మనం, గదిలో కూర్చుని, నిఘంటువు ముందేసుకుని. వికిరణమంటారో రేడియేషనంటారో నాకు పట్టింపు లేదు. ఆ మాటని ఒంటరిగా వదలొద్దని మాత్రం విలేఖరుల్నీ, పుస్తకాలు రాసేవాళ్ళనీ, నా పాత సహోద్యోగుల్నీ అడుగుతున్నాను. ఎక్స్‌రే రేడియేషన్ అనండి, సెల్‌ఫోను రేడియేషన్ అనండి, వీలైతే ఎంతో కూడా చెప్పండి. ఎండని కూడా ఏడాదికి ఒకసారైనా ఆ పేరుతో పిలవండి. డాక్టర్లూ, 25 సార్లు పెట్టాక రోగిని పంపించేటప్పుడు కాగితం మీద ఇంకొక్క వాక్యం రాయండి: ‘మీ ఒంట్లో ఏమీ మిగిలి లేదు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు.’ పిన్ని కాగితంలో మందులూ తేదీలూ అన్నీ ఉన్నాయి, ఆ వాక్యం లేదు.

ఆ రోజు కోడలు నా మాట నమ్మలేదని చెప్పాను కదా. రెండు రోజుల తర్వాత తనే వైద్యుడికి ఫోన్ చేసి కనుక్కుందట. సాయంత్రం పిల్లవాణ్ణి తీసుకొచ్చి ఏమీ మాట్లాడకుండా అత్తగారి ఒళ్ళో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయిందట. పిన్ని నాకు ఫోన్ చేసి ఈ సంగతి రెండుసార్లు చెప్పింది. చివర్లో, “ఒరేయ్, వీణ్ణి పొద్దున్నే నీరెండలో కూచోబెట్టుకోవచ్చా? మీ చెల్లెలు... అదే, కోడలు, ఎండకేం పరవాలేదు అత్తయ్యా అంటోంది” అని అడిగింది.

వాడికి పరవాలేదు గానీ నువ్వు మాత్రం కరెంటు పెట్టినచోట పైట నిండా కప్పుకుని కూచో పిన్నీ, అన్నాను. ఆ చర్మానికి కొన్నాళ్ళదాకా ఎండ పడదు. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు.